గోష్ఠి ఎవరిది?

పదిమంది కూడి ఒక విషయమును విచారించుట, ఒక్కడు ఏకాంతమున విచారించుటకంటె మేలని పెద్దలు చెప్పుదురు. ఒకడు పొరబడినచోట మరియొకడు సరిదిద్దును. ఒకని కంటికి ఆననిది వేరొకని కంటికి ఆనును. అయితే ఆ పదిమందిలో ఒక్కడు తక్కిన తొమ్మండుగురికంటె మిక్కిలి ప్రతిభ గలవాడై, మాట మొదలిడినచో ఆగనివాడై యున్నపుడు ఆ గోష్ఠి ఎవరిది? సత్యమునకు చేరువగా పోగలవానిదా? ఆలోచించుట నేర్చుకొనవలెనని వచ్చి మూలన కూర్చున్న విద్యార్థిదా? ఇది ఊహించి వేసిన ప్రశ్న కాదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమందలి తత్త్వశాస్త్ర విద్యార్థుల సంఘమొకటి ఈ ప్రశ్నతో ఏండ్ల తరబడి పెనుగులాడినది.

ఆ సంఘము పేరు మోరల్ సైన్సెస్ క్లబ్. 1878లో ఆరంభమైనది. పేరునుబట్టి అది నీతిబోధ చేయు సంఘమని తలపరాదు. ఆ కాలమున తత్త్వము, తర్కము, మనశ్శాస్త్రము, 1903 వరకు అర్థశాస్త్రము సయితము ఆ విశ్వవిద్యాలయములో 'మోరల్ సైన్సెస్' అను ఒక్క పరీక్ష క్రిందనే యుండెడివి. ఆ పరీక్షకు చదువువారు కూడుకొనిన సంఘమది. అధ్యాపకులును వచ్చెడివారు; హెన్రీ సిడ్జ్‌విక్, బెర్ట్రాండ్ రస్సెల్, జి. ఇ. మూర్ వంటి దిగ్దంతులు అందు పాల్గొనిరి. కాని ఆహ్వానములు పంపుట, సమావేశపు వృత్తాంతమును పుస్తకమున వ్రాయుట మొదలగు కార్యదర్శి పనులు విద్యార్థులు చేయుచుండెడివారు. కూడుట ఉపన్యాసశాలలో గాక, కళాశాలలలో ఎవరో ఒకరు నివసించు గదిలో. ఒకరు చిన్న వ్యాసము చదువుదురు. పిమ్మట చర్చ సాగును. తరగతిలో గురువు వేదికపై నిలుచును, శిష్యుడు క్రింద కూర్చుండి వ్రాసికొనును. గదిలో ఆ ఎత్తుపల్లములు కొంత సమసిపోవును. ఒకరి గదికి పోయి, వారి కుర్చీలో కూర్చుండి, వారి చలిమంటకు చేతులు కాచుకొనినవానికి 'మీరు చెప్పినది నాకు సరిగా తోచలేదు' అని పలుకుటకు కొంత ధైర్యము వచ్చును. స్నేహము చర్చకు అలంకారమని తలచువారు కలరు. అది పొరపాటు, పగ పుట్టకుండ విభేదించుటకు స్నేహమే ఆధారము.

ఈ సంఘము చరిత్రలో 1899 డిసెంబరు 1వ తేదీని ప్రత్యేకముగా స్మరింపవలెను. ఆనాడు గిర్టన్ కళాశాలకు చెందిన కాన్‌స్టెన్స్ జోన్స్ అను విదుషీమణి, జేమ్స్ వార్డు రచించిన గ్రంథముపై వ్యాసము చదివెను. సిడ్జ్‌విక్ అధ్యక్షత వహించెను. తర్కశాస్త్రమున గ్రంథములు వ్రాసిన ఆమెకు ఆ విశ్వవిద్యాలయము పట్టమియ్యలేదు. స్త్రీలకు పూర్తి పట్టములిచ్చుట అక్కడ 1948లో గాని మొదలు కాలేదు. ఆమె అప్పటికి మరణించి ఇరువది ఆరేండ్లు. విశ్వవిద్యాలయము అర్ధశతాబ్ది తరువాత గాని తెరువని తలుపును విద్యార్థి సంఘమొకటి తన చిన్న గదిలో ముందే తెరచినదన్న మాట. ఇట్టి సంఘములను కాలక్షేపమని కొట్టివేయువారు ఈ సంగతిని గమనింతురు గాక.

ఇక అసలు కథకు రావలెను. 1912లో ఆ సంఘమున ఒక నియమము పుట్టినది. వ్యాసము చదువుట చర్చకు దారి తీయుటకే గనుక, అధ్యక్షుని అనుమతి లేనిదే ఏ వ్యాసమును ఏడు నిమిషములకు మించరాదు. ఈ సంస్కరణకు ప్రేరకుడు ఆస్ట్రియా నుండి వచ్చిన యువకుడు లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్. ఆ నవంబరు 29న అతడు ట్రినిటీ కళాశాలలోని తన గదిలో 'తత్త్వశాస్త్రమనగానేమి' అను విషయమున వ్యాసము చదివెను. అది నాలుగు నిమిషములలో ముగిసినది! అంతకు మునుపటి అతి చిన్న వ్యాసముకంటె అది ఇంచుమించు రెండు నిమిషములు తక్కువయని వృత్తాంత పుస్తకమున వ్రాసికొనిరి. విద్యార్థుల చిలిపితనము అందు కానవచ్చును.

అట్టివాడు 1929లో కేంబ్రిడ్జికి తిరిగి వచ్చిన పిమ్మట జరిగినది వేరు. వ్యాసమునకు హద్దు కలదు గాని చర్చకు హద్దు లేదు. ఎవరు వ్యాసము చదివినను చర్చ అతనిదే యయ్యెను. ఒకరు నోరు తెరచిన వెంటనే అందలి లోపమును పట్టుకొనును. దానిని విప్పును, మరల ముడివేయును, మధ్యలో ఆగి తల పట్టుకొనును, మరల ఆరంభించును. అతడు తప్ప మరెవ్వరును మాటాడు వీలు లేదని ఫిర్యాదులు పుట్టినవి. సి. డి. బ్రాడ్ అను ఆచార్యుడు ఆ సమావేశములకు పోవుట మానుకొనెను. ఫిర్యాదుల పిమ్మట విట్‌గెన్‌స్టైన్ సయితము కొంతకాలము రాకుండెను. కొన్ని సమావేశములకు అధ్యాపకులు రావలదని ప్రకటనలో నక్షత్రపు గుర్తు వేయు ఆచారమును విద్యార్థులు పాటించిరి. గురువులను గెంటివేయక, అవమానింపక, ఒక చిన్న చుక్కతో తమ చోటును తాము కాచుకొనిరి. ఎంతటి మర్యాద!

విట్‌గెన్‌స్టైన్‌ను గర్విష్ఠి యనుట సులభము, కాని న్యాయము కాదు. తండ్రి వలన సంక్రమించిన అపారమైన ధనమును తోబుట్టువులకు వదలుకొనినవాడు. ఆచార్యపదవిలో నుండియు యుద్ధకాలమున, 1941లో, లండనులోని ఒక ఆసుపత్రిలో మందులు మోయు పనికి కుదిరినవాడు. అతడు గోష్ఠిలో కోరినది పేరు కాదు. ఒక చిక్కు ఎదురైనచో అది విడువడువరకు అతనికి ఊపిరాడదు, అంతియే. అతని పక్షమున ఒక వాదము గట్టిగనే నిలుచును. సత్యము పంక్తిభోజనము కాదు, విస్తరి విస్తరికి సమముగా వడ్డించుటకు. తెలిసినవాని నోరు కట్టి తెలియనివానికి సమయమిచ్చుట వలన విచారణకు ఏమి లాభము? 1944 అక్టోబరులో మూర్ ఆ సంఘమున ఒక వ్యాసము చదివెను. 'వాన కురియుచున్నది, కాని కురియుచున్నదని నేను నమ్మను' అను తీరు వాక్యము అబద్ధము కాకపోవచ్చును, అయినను ఎవరును అట్లు పలుకజాలరు, ఏల? ఆ చిన్న చిక్కులోని లోతును గుర్తించి విట్‌గెన్‌స్టైన్ వెంటనే మూర్‌నకు లేఖ వ్రాసెను. అది నేటికిని 'మూర్ విరోధాభాస' యను పేర చర్చింపబడుచున్నది. తీవ్రమైన ఆ బుద్ధి ఆ గదిలో లేకున్నచో ఆ వాక్యము ఆ రాత్రికే మరపున పడియుండునేమో.

వాదము గట్టిదే, కాని ఒక ముఖ్యమైన సంగతిని అది మరచుచున్నది. విద్యార్థి సంఘమున పంచిపెట్టునది సత్యము కాదు, సత్యమును వెదకు అభ్యాసము. గజఈతగానిని గట్టున కూర్చుండి ఎన్నేండ్లు చూచినను ఈత రాదు. మీదు మిక్కిలి, మౌనము రెండు విధములు. ఆలోచనలో మునిగి ఊరకున్నవాని మౌనమొకటి, భయపడి ఊరకున్నవాని మౌనమొకటి. బయటికి రెండును ఒక్క తీరుననే కానవచ్చును. భయపడినవాడు ఏమి అడుగనుండెనో ఎన్నటికిని తెలియదు గనుక, ఆ నష్టమును లెక్కవేయు ఉపాయము లేదు. కొత్తగా వచ్చినవాని సందేహము తరచు మోటుగా నుండును. కాని పండితుడు ఎన్నడో దాటివచ్చి మరచిపోయిన గుంత అక్కడనే యుండవచ్చును. దానిని చూపగలవాడు నోరు విప్పకపోయినచో గెలిచిన వాదము సయితము పరీక్షింపబడని వాదమే.

సత్యమునందలి ఆసక్తి ఎదుటి మనుష్యుని మరపించుట ఎంతవరకు పోవునో మూర్ వృత్తాంతమే తెలుపును. వృద్ధాప్యమున అతనికి పక్షవాతపు దెబ్బ తగిలినది. ఉద్రేకము, అలసట కూడవని వైద్యుడు చెప్పగా, చర్చ గంటన్నరకు మించరాదని అతని భార్య కట్టడి చేసెను. విట్‌గెన్‌స్టైన్‌కు అది నచ్చలేదు. చర్చలో మూర్ అలసి మరణించినను అది తగిన మరణమే యగునని అతడు పలికినట్లు అతని శిష్యుడు నార్మన్ మాల్కం 1958లో ప్రచురించిన స్మృతిగ్రంథమున వ్రాసెను. తన ప్రాణమును గూర్చి అట్లు పలికినచో అది త్యాగము. పరుని ప్రాణమును గూర్చి పలుకుటకు ఎవరికి అధికారము? గడియారము చూచుచు తలుపుకడ నిలిచిన ఆ ఇల్లాలికి తత్త్వము తెలియదని ఎవరైన అన్నచో ఆ మాట నమ్మదగినది కాదు.

ఈ సంఘమును గూర్చి లోకము ఎక్కువగా చెప్పుకొనునది 1946 అక్టోబరు 25వ తేదీ రాత్రి. అప్పటి కార్యదర్శి వస్ఫీ హిజాబ్ పాలస్తీనా నుండి వచ్చిన విద్యార్థి. అతని ఆహ్వానముపై కార్ల్ పాపర్ లండను నుండి వచ్చి, నిజమైన తత్త్వసమస్యలు కలవా అను విషయమున ప్రసంగించెను. కింగ్స్ కళాశాలలోని ఆ గదిలో ముప్పదిమంది వరకు కూడియుండిరి. అధ్యక్షుడు విట్‌గెన్‌స్టైన్, రస్సెల్ సయితము వచ్చియుండెను. వాదము ముదిరినది. చలిమంటలో నిప్పులెగదోయు ఇనుప కడ్డీని విట్‌గెన్‌స్టైన్ చేతబట్టెను. కొంతసేపటికి గది విడిచి వెడలెను. నీతినియమమునకు ఉదాహరణ చెప్పుమని అతడు గద్దింపగా, 'అతిథిగా వచ్చిన వక్తను కడ్డీతో బెదిరింపరాదు' అని తాను బదులు చెప్పితినని, అంతట అతడు కడ్డీ విసరివైచి తలుపు దడాలున వేసి పోయెనని పాపర్ 1976లో వెలువడిన ఆత్మకథలో వ్రాసికొనెను. అది అబద్ధమని, ఆ మాట పుట్టునప్పటికి విట్‌గెన్‌స్టైన్ గదిలోనే లేడని అక్కడనున్న పీటర్ గీచ్ మొదలగువారు చెప్పిరి. జ్ఞానమునకు ప్రమాణమేదని జీవితమంతయు విచారించినవారు ఒక్క గదిలో, ఒక్క రాత్రి, కన్నులారా చూచిన దానియందు ఏకాభిప్రాయమునకు రాలేకపోయిరి. 2001లో ఆ రాత్రిని గూర్చి ఒక గ్రంథమే వెలువడినది.

అంత గ్రంథములోను ముఖ్యులు ఇద్దరే, లేదా మువ్వురు. గోడవారగ కూర్చుండి, పాపర్‌ను ఏదో అడుగవలెనని సిద్ధపడి వచ్చిన విద్యార్థుల ప్రశ్నలు ఆ గొడవలో ఎచ్చటనో జారిపోయినవి. హిజాబ్ మాత్రము వృత్తాంత పుస్తకము తెరచి, వక్త చెప్పినదియు ఎదుటివారు ఆక్షేపించినదియు తన శక్తికొలది వ్రాసెను. చర్చ మామూలుకంటె వేడిగా సాగినదని పేర్కొనెను. ఇనుప కడ్డీ ఊసు అందు లేదు. మరునాడు తెల్లవారిన పిమ్మట, రాబోవు వక్తకు ఏర్పాట్లు చూడవలసినవాడును అతడే.