పరిశోధనకు ప్రజాధనం: అడిగే హక్కు, అడిగేవారి బాధ్యత

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా చేరడానికి మామగారు సమకూర్చిన ధనమూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయమూ తోడ్పడ్డాయి. ఆయన సోదరులిద్దరిని స్ప్రూ వ్యాధి బలిగొన్నది. ఆ వ్యాధి చికిత్సలో ఉపకరించే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందమే సంశ్లేషించింది. ఆ కృషికి కొనసాగింపుగా వచ్చిన మెథోట్రెక్సేట్‌ను నేడు మూలకణ మార్పిడిలో దాత కణాలు రోగి దేహంపై దాడి చేయకుండా వాడుతున్నారు.

ఇంతటి ఫలితానికి దాత దయ ఒక్కటే ఆధారం కావలెనా? పౌరులు ప్రజాధనాన్ని అడగరాదా? 2004లో కాలిఫోర్నియా ఓటర్లు మూలకణ పరిశోధనకు 300 కోట్ల డాలర్ల బాండ్లను ఆమోదించారు. అందుకై వాదించినవారిలో రోగులూ, వారి కుటుంబీకులూ ఉన్నారు. దుఃఖం వారికి అడిగే అర్హతనిచ్చింది.

అయితే దయ దాతకు తెలిసినవారిని చేరుతుంది. శాసనసభ చెవి గొంతున్నవారిని వింటుంది. గోదావరి మన్యంలోని గిరిజనులలో కనిపించే సికిల్ సెల్ రక్తహీనతను నయం చేయగల మార్గాలలో మూలకణ మార్పిడి ఒకటి. ఆ కుటుంబాలు సభాద్వారం దాకా రాలేవు. తన బిడ్డ కోసం అడిగేవాడు వారి బిడ్డ కోసం కూడా అడిగినప్పుడే ఆ అభ్యర్థన స్వార్థాన్ని దాటి ధర్మమవుతుంది.