సాక్షి పక్షి

ఫాల్గుణం ముగిసి చైత్రం ప్రవేశించే రోజుల్లో తెలుగునాట మోదుగ, బూరుగు చెట్లు ఆకు రాల్చి పూలతో ఎరుపెక్కుతాయి. ఆ పూలలోని తేనె కోసం గులాబీ గోరింకలు గుంపులు గుంపులుగా వచ్చి వాలుతాయి. నగరంలోని ఉద్యానవనానికి ఉదయపు నడకకు వచ్చిన వారికి ఆ కలకలం వసంతాగమన సూచనగా తోస్తుంది. ఆ పక్షులకు మాత్రం అది ప్రయాణ సన్నాహం. కొద్ది వారాల్లో అవి మధ్య ఆసియా గడ్డి మైదానాలకు తరలిపోతాయి. అక్కడి రాళ్ల సందుల్లో గూళ్లు పెట్టుకుని, మిడతలతో పిల్లలను సాకుతాయి. కవులు వసంతాన్ని ఆగమనంగానే వర్ణించారు. వలస పక్షుల దృష్టిలో ఈ దేశపు వసంతం వీడ్కోలు వేళ.

సముద్ర తీరాన ఈ వీడ్కోలు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పులికాట్ సరస్సు ఒడ్డున, కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల అంచున ఉన్న బురద నేలల మీద శీతకాలమంతా చిన్న చిన్న ఉల్లంకి జాతులు మేస్తుంటాయి. అన్నీ బూడిద రంగువే. ఒకదానిని మరొకదాని నుంచి వేరు చేయడం అనుభవజ్ఞులకు సైతం కష్టం. మార్చి, ఏప్రిల్ నెలలు వచ్చేసరికి వాటి రూపం మారుతుంది. కొన వంగిన ముక్కు గల ఒక చిన్న ఉల్లంకికి రొమ్మంతా ఇటుక రంగు తిరుగుతుంది. చర్మం కింద కొవ్వు పేరుకుంటుంది. ఆ కొవ్వే దూరప్రయాణానికి ఇంధనం. అది చేరవలసిన చోటు ఉత్తర ధ్రువానికి సమీపంలోని సైబీరియా మంచు మైదానం. అరచేతిలో ఇమిడే ప్రాణి వేల కిలోమీటర్ల దూరాన్ని తన శరీరంలో మూటగట్టుకుంటున్న దృశ్యమది.

ఆ దృశ్యాన్ని దుర్భిణితో చూస్తూ ఒడ్డున నిలబడిన మనిషి చేస్తున్నదేమిటి? అతడు ఆ పక్షిని పట్టడు, తినడు, అమ్మడు. అతడికి కాస్త దూరంలో వల బాగుచేసుకుంటున్న జాలరికి ఆ తీరంతో ఉన్న సంబంధం తేటతెల్లం. అది అతడి బతుకుతెరువు. దుర్భిణి పట్టినవాడి సంబంధం అంత సులభంగా అర్థం కాదు. కేవలం చూడటం ఒక పనేనా, లేక తీరిక ఉన్నవారి వినోదమా? చూసినంత మాత్రాన చూసినవాడి మీద ఏదైనా బాధ్యత పడుతుందా? పైకి అల్పంగా కనిపించే ఈ ప్రశ్న భారతీయ చింతనలో చాలా పాతది.

ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద కూర్చున్న రెండు పక్షుల ప్రస్తావన ఉంది. ఒకటి పండు తింటుంది. రెండవది తినక చూస్తూ ఉంటుంది. తినే పక్షిని జీవుడిగా, చూసే పక్షిని సాక్షిగా వ్యాఖ్యాతలు వివరించారు. భోగానికీ దర్శనానికీ మధ్య గీత గీసిన ఈ ఉపమానం చూపుకు ఒక ఔన్నత్యాన్ని ఇచ్చింది. కోరిక లేని చూపు సాధ్యమేననీ, దాన్ని సాధించడం మనిషికి ఉత్తమ స్థితి అనీ అందులోని సూచన. ఈ కొలతతో చూస్తే పక్షులను గమనించే అలవాటు ఒక చిన్న సాధన. గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. తనకు నచ్చినప్పుడు కాక పక్షికి ఇష్టమైనప్పుడు చూడాలి. ఎగిరిపోతే ఊరుకోవాలి. తన ఇష్టానికి లోబడని దానిపై మనసు నిలపడం ఈ సాధనలోని సారం.

అయితే ఆధునిక కాలంలో ఈ చూపు ఇంత నిష్కామంగా మొదలు కాలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో పక్షిని తెలుసుకోవడమంటే దాన్ని కాల్చి, చర్మం ఒలిచి, పెట్టెలో భద్రపరచడమే. 1885లో భారత జాతీయ కాంగ్రెస్ స్థాపనకు కారకుడైన అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ అదే సంవత్సరం తన పక్షి సేకరణను బ్రిటిష్ మ్యూజియానికి అప్పగించాడు. చర్మాలు, గూళ్లు, గుడ్లు కలిపి అందులో ఎనభై వేలకు పైగా వస్తువులున్నాయి. దివ్యజ్ఞాన సమాజ ప్రభావంలో ఉన్న కాలంలో ఆయన మాంసాహారం మానాడు, నమూనాల కోసం పక్షులను చంపడమూ మానాడు. ఒక మనిషి జీవితంలో వచ్చిన ఈ మలుపు ఒక శాస్త్రం నడవబోయే దారికి ముందస్తు ఛాయ.

సలీం అలీ (1896-1987) జీవితం ఆ దారిలో మరొక మజిలీ. బాల్యంలో తాను గాలి తుపాకితో కొట్టిన పసుపు గొంతు పిచ్చుక ఏ జాతిదో తెలుసుకోవడానికి ఆయన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గడప తొక్కాడు. తన ఆత్మకథకు పేరు పెట్టినప్పుడు కూడా ఆ పిచ్చుకనే తలచుకున్నాడు. 1931-32లో హైదరాబాదు సంస్థానంలో ఆయన జరిపిన పక్షి సర్వేక్షణలోనూ నమూనాల సేకరణ భాగమే. కాని 1941లో వెలువడిన ఆయన పక్షుల పుస్తకాన్ని చదివి ఉద్యానవనాలకూ చెరువుగట్లకూ బయలుదేరిన తరాలకు తుపాకి అవసరం లేకపోయింది. చంపి తెలుసుకునే చోట చూసి తెలుసుకోవడం నిలిచింది. జ్ఞానానికీ హింసకూ ఉన్న ముడి విడిపోగలదని నిరూపించిన కొద్ది రంగాలలో ఇది ఒకటి.

ముడి విడిపోయినా స్వాధీన వాంఛ మాసిపోయిందనడం తొందరపాటు. అరుదైన పక్షి ఛాయాచిత్రం కోసం దాని గూటి దగ్గరి కొమ్మలు నరికేవారున్నారు. యంత్రంతో దాని కూతను వినిపించి పదే పదే బయటికి రప్పించేవారున్నారు. చిత్రం దక్కుతుంది, గుడ్లు చల్లబడతాయి. పండు తినని పక్షిగా కనిపిస్తూనే తినే పద్ధతి ఇది.

ఇంతకన్నా సూక్ష్మమైన స్వాధీనత ఒక ఆదరపూర్వకమైన మాటలో దాగి ఉంది. వలస పక్షులను అతిథులని పిలవడం పత్రికల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో ఆనవాయితీ. ఆ మాటలో ప్రేమ ఉంది. కాని తిథి నియమం లేకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు వ్యుత్పత్తి చెప్పారు. ఈ పక్షులు ఋతువు తప్పకుండా వస్తాయి, ఋతువు తప్పకుండా పోతాయి. పైగా అతిథి అనగానే పిలిచినవాడు యజమాని అవుతాడు. అన్నం పెట్టడం అతడి దయ అవుతుంది. నదులు తెచ్చిన ఒండ్రు మీద మనిషి గట్లు వేసి ఊళ్లు కట్టకముందు నుంచీ ఆ ఒండ్రులోని పురుగులను ఏరుకుంటున్న జాతులకు ఈ బంధుత్వం చాలదు. వలస ప్రాణుల రక్షణకు 1979లో బాన్ నగరంలో కుదిరిన ఒడంబడికలో భారతదేశం 1983 నుంచి భాగస్వామి. 2020 ఫిబ్రవరిలో గాంధీనగర్‌లో జరిగిన ఆ ఒడంబడిక దేశాల సమావేశం వలస ప్రాణులను 'ఇంటికి' ఆహ్వానించడాన్ని తన ఆశయ వాక్యంలో చేర్చుకుంది. ఇల్లు అన్న మాట అతిథి అన్న మాటకన్నా న్యాయానికి దగ్గర. వాటికి రెండు ఇళ్లు. అందులో ఒకటి ఇక్కడ.

ఇల్లు వాటిదే అయినప్పుడు ఆ ఇంట్లో అన్యాయం జరుగుతుంటే చూసినవాడి ధర్మమేమిటి? ఇక్కడ ఉపనిషత్తులోని మౌన సాక్షి సరిపోడు. భారతీయ సాహిత్యంలో పక్షిని చూసిన మరొక ద్రష్ట ఉన్నాడు. తమసా తీరంలో క్రౌంచ మిథునంలో ఒకటి బోయ బాణానికి కూలడం చూసిన వాల్మీకి మౌనంగా ఉండలేకపోయాడు. ఆయన శోకమే శ్లోకమైందని సంప్రదాయం చెబుతుంది. ఉపనిషత్తులోని పక్షి చూసి ఊరుకుంది. ఋషి చూసి పలికాడు. సాక్షి అన్న పదానికి వేదాంతంలో ఒక అర్థం, న్యాయస్థానంలో మరొక అర్థం ఉన్నాయి. వేదాంతంలోని సాక్షికి కోరిక ఉండకూడదు. న్యాయస్థానంలోని సాక్షి నోరు విప్పక తప్పదు. పక్షిని చూసే మనిషి ఈ రెండూ కావాలి. తనకోసం ఏమీ కోరని చూపు మాత్రమే నమ్మదగిన సాక్ష్యం ఇవ్వగలదు.

2012 శరత్కాలంలో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర ఇటువంటి సాక్ష్యం వెలువడింది. తూర్పు ఆసియా నుంచి ఆఫ్రికా దక్షిణ ప్రాంతాలకు వెళ్లే అముర్ డేగలు అక్కడ లక్షలాదిగా విశ్రమిస్తాయి. చేపలు పట్టే వలలే చెట్ల మధ్య పన్ని గ్రామస్థులు రోజుకు వేల డేగలను పట్టి చంపి అమ్ముతున్న దృశ్యాలను చూసినవారు లోకానికి చూపించారు. ఆ సాక్ష్యం ఆవేశపు కేకలతో ఆగిపోలేదు. గ్రామ పెద్దలతో, చర్చిలతో, అధికారులతో సంభాషణగా మారింది. 2013లో ఆ గ్రామాలు వేట మానివేశాయి. అదే ఏడాది ఉపగ్రహ పరికరాలు అమర్చి వదిలిన మూడు డేగలకు నాగా, వోఖా, పాంగ్తీ అని పేర్లు పెట్టారు. తమ ఊరి పేరు పెట్టుకున్న పక్షి సముద్రం దాటుతున్న వార్తను ఆ ఊరు వినింది. దోషిగా నిలబెట్టడంతో సరిపెట్టుకోకుండా, తప్పు చేసినవారిని కూడా సాక్షులుగా మార్చిన ఘటన ఇది.

సాక్షి తనకు వ్యతిరేకంగా కూడా చెప్పగలగాలి. ఈ పరీక్ష రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో ఎదురైంది. కేవలాదేవ్ జాతీయోద్యానంలో పక్షుల మేలు కోసమని 1982లో గేదెల మేతను నిషేధించారు. నిరసన తెలిపిన గ్రామస్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. సలీం అలీ వంటి పక్షి ప్రేమికులు ఆ నిషేధాన్ని సమర్థించినవారే. ఆ తరువాత బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుల దీర్ఘ పరిశీలనలో వేరే విషయం తేలింది. మేత ఆగిపోవడంతో గడ్డి విపరీతంగా పెరిగి నీటిని కప్పివేసింది. నీటి పక్షులకు చోటు తగ్గింది. ఆ గేదెలు సరస్సుకు మేలే చేస్తున్నాయి. తమ పక్షాన ఉన్నవారి నమ్మకాన్నే కాదన్న ఈ ఫలితాన్ని పరిశోధకులు దాచలేదు. పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు గాని, చూపు నిజాయితీ అక్కడ నిలబడింది. పక్షిని ప్రేమించే మనిషి తన పక్కనున్న పశువుల కాపరిని కూడా చూడకపోతే ఆ ప్రేమ ఎంత గుడ్డిదవుతుందో అది నేర్పింది.

ఈ పాఠం తెలుగు ప్రాంతాలకూ వర్తిస్తుంది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లను తొలగించారు. సరస్సు ఊపిరి తీసుకోవాలన్న వాదం నిజం. దాని మీద బతికే కుటుంబాల ఆందోళన కూడా నిజం. మేలు అందరిదీ, మూల్యం కొందరిదీ అయినచోట సాక్షి రెండింటినీ లెక్కలో రాయాలి. తమిళనాడులోని వేడంతాంగల్ గ్రామస్థులు ఈ రెండింటినీ ఏనాడో కలిపారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు సత్తువనిస్తుందని గ్రహించి, పక్షులను కాల్చకుండా 1798లో చెంగల్పట్టు కలెక్టరు నుంచి ఉత్తర్వు సంపాదించుకున్నారు. ప్రయోజనం తోడైనంత మాత్రాన ప్రేమ అబద్ధం కాదని ఆ గ్రామం సాక్ష్యం.

సాక్ష్యానికి వినయం కూడా కావాలి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూళ్లు కట్టే గూడబాతులనూ ఎర్రకాళ్ల కొంగలనూ సైబీరియా పక్షులనడం వాడుక. నిజానికి అవి ఈ ఉపఖండపు పక్షులే. ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లలను పెంచుతాయి. దూరదేశపు పేరు తగిలిస్తేనే గౌరవం పెరుగుతుందనుకోవడం చూపులోని లోపం. విన్నదాన్ని కాక కన్నదాన్ని చెప్పడం, తెలియనిచోట ఆగడం ఈ సాధనలో మొదటి పాఠాలు. అటువంటి సామాన్య పరిశీలకులు సుమారు ముప్పై వేల మంది రాసిన వివరాలే 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదికకు ఆధారం. 942 జాతులను పరిశీలించిన ఆ నివేదిక 178 జాతుల పరిస్థితి తీవ్ర ఆందోళనకరమని పేర్కొంది. ఏ ఒక్కరి నోటు పుస్తకమూ ఈ మాట చెప్పలేదు. అన్నీ కలిస్తేనే సాక్ష్యమైంది.

అన్నిటికన్నా బరువైన సాక్ష్యం లేమిని గురించినది. కేవలాదేవ్‌కు ప్రతి శీతకాలమూ వచ్చే సైబీరియా కొంగల జంట 2002 తరువాత తిరిగి రాలేదు. వసంతంలో అవి ఉత్తరానికి లేచిపోయినప్పుడు చూసినవారికి అది చివరి వీడ్కోలని తెలియదు. తెలిసి ఉంటే ఇంకాస్త సేపు చూసేవారేమో. ప్రతి చైత్రంలోనూ తీరాన్ని విడిచిపోయే ప్రతి గుంపు విషయంలోనూ ఈ అనిశ్చితి ఉంది. అందువల్లనే ఒడ్డున నిలబడినవాడు తన పుస్తకంలో తేదీ వేసి, జాతి పేరు రాసి, ఎన్ని వెళ్లాయో లెక్క రాస్తాడు. కార్తీకం నాటికి మళ్లీ అదే ఒడ్డుకు వచ్చి, ఎన్ని తిరిగి వచ్చాయో ఆ లెక్క పక్కనే రాస్తాడు.