కూడబలుక్కునే వయసు

ఇంగ్లండులో సీఫర్డ్ అనే ఊళ్లో వైద్యం చేసే ప్రింగిల్ మోర్గన్ 1896లో ఒక వైద్యపత్రికలో ఓ కుర్రాడి గురించి రాశాడు. పేరు పర్సీ, వయసు 14. చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, లెక్కలు ఇట్టే చేస్తాడు. ఏళ్ల తరబడి చెప్పించినా చదవడం మాత్రం పట్టుబడలేదు. తన పేరు రాస్తూ కూడా అక్షరాలు తారుమారు చేశాడు, అది తప్పని వాడికి తెలియనైనా తెలియలేదు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడి మొత్తంలో వీడే తెలివైనవాడని వాడి మాస్టారు అన్న మాటను మోర్గన్ ఆ వ్యాసంలో నమోదు చేశాడు. డిస్లెక్సియా గురించి వచ్చిన తొలి రచనల్లో అదొకటి. నన్ను వదలనిది మాత్రం ఆ మాస్టారి మాట. నోటి పాఠంలో మొదటివాడు అచ్చు పాఠంలో ఆఖరివాడైతే లోపం ఎక్కడున్నట్టు? పిల్లవాడిలోనా, తెలివి అంటే అచ్చు చదవడమేనని తేల్చుకున్న మనలోనా?

మాట మనిషికి ఎప్పటినుంచో ఉంది. రాత వచ్చి ఐదు వేల ఏళ్లు దాటిందంతే. అందులోనూ మామూలు జనం చదవడం మొదలై కొద్ది తరాలే. చుట్టూ నలుగురు మాట్లాడుతుంటే పసివాడికి మాట వస్తుంది. చుట్టూ పుస్తకాలున్నంత మాత్రాన చదవడం రాదు. చదవడానికంటూ మెదడులో పుట్టుకతో ఏర్పడిన చోటు లేదంటాడు ఫ్రెంచి శాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహేన్. ముఖాలనూ వస్తువులనూ పోల్చుకునే చోటులోనే కొంత భాగాన్ని అక్షరాలకు మళ్లించుకోవాలట. తల్లిదండ్రులు ఎంత చదివినవాళ్లయినా ఆ పని ప్రతి పిల్లవాడూ మొదటినుంచి తానే చేసుకోవాలి. ఇంత పని ఐదారేళ్ల పిల్లలు చేస్తున్నారంటే ఆశ్చర్యపోవాలి. మనం మాత్రం చెయ్యలేనివాణ్ణి చూసి ఆశ్చర్యపోతాం. ఎందుకు?

నాకు తోచే కారణం మరుపు. చదవడం వచ్చాక, రానప్పుడు ఎలా ఉండేదో గుర్తుండదు. బస్సు బోర్డు మీది ఊరి పేరును వట్టి గీతలుగా చూడమంటే ఇప్పుడు మన వల్ల కాదు. చూపు పడీపడకముందే ఊరు మనసులోకి వచ్చేస్తుంది. ఈ మరుపు లేకపోతే చదువు ముందుకు సాగదు, నిజమే. పిల్లల మీద మనకు కలిగే విసుగు కూడా దీన్నుంచే పుడుతుందేమో. ‘ఇంత చిన్న మాట రాదా?’ అనే మనిషికి ఆ మాట ఒకప్పుడు తనకెంత పెద్దదో తెలియదు.

చిన్నప్పుడు నాకు గుణింతాలు కంఠతా వచ్చు. కకు దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి అని గడగడా అప్పజెప్పేవాణ్ణి. వాచకం తెరిస్తే నోరు పెగిలేది కాదు. ఒత్తు దగ్గర చూపు కిందికి దిగి మళ్లీ పైకెక్కేసరికి మాట తెగిపోయేది. క్లాసులో వరసగా ఒక్కొక్కరూ ఒక్కో పేరా పైకి చదవాలి. ముందు ఎంతమంది ఉన్నారో చూసుకుని, నా వంతుకు వచ్చే పేరా వెతికి, దాని మీద వేలుపెట్టి లోలోపల కూడబలుక్కునేవాణ్ణి. ఈలోగా మిగతావాళ్లు చదివిందేదీ చెవికెక్కేది కాదు. పాఠంలో కథ ఏమైందో ఎప్పుడూ తెలిసేది కాదు. భయం పిల్లవాడి దగ్గర లాక్కునేది అచ్చంగా అదే.

నన్ను గట్టెక్కించింది చదువు రాని మా అమ్మమ్మ. ఊరినుంచి మామయ్య రాసే ఇన్‌లాండ్ లెటర్లు నా చేత చదివించుకునేది. ‘ఉభయకుశలోపరి’ని ముక్కలు ముక్కలుగా దాటుతుంటే తొందరపెట్టేది కాదు. ‘బ...ర్రె... ఈ...నిం...’ అనేసరికి “ఈనిందా! పెయ్యా, దున్నా?” అని ముందుకు వంగేది. ఆ జవాబు కింది పంక్తిలో ఎక్కడో ఉంది, వెతికి చెప్పాల్సింది నేను. చేతిరాత గజిబిజిగా ఉన్నచోట “చెరువు కింద చేను గురించి అయ్యుంటుంది నాయనా” అని తనే అందించేది. కొడుకు ఏం రాస్తాడో ఆవిడకు తెలుసు. తప్పు చదివితే “వాడలా రాయడే” అనేది, నేను మళ్లీ చూసేవాణ్ణి. అక్షరం నాది, అర్థం ఆవిడది. కూడబలుక్కోవడం ఎప్పుడు పోయిందో చెప్పలేను. ఒకసారి ఉత్తరం చదువుతూ, చదువుతున్న సంగతే మరిచి, వాకిట్లో గంతులేస్తున్న దూడను చూశాను. మా ఇద్దరిలో చదువరి ఎవరు? ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ తేలికైన జవాబు లేదు.

అలాగని ఓపిక ఒక్కటే చాలదు. పర్సీ లాంటి పిల్లలకు ధ్వనినీ అక్షరాన్నీ విడదీసి, కలిపి, పద్ధతిగా చెప్పగల శిక్షణ ఉన్న గురువు కావాలి. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియాను గుర్తించింది. గుర్తింపు తరగతి గదిదాకా రావడమే మిగిలింది. ఇక ఏ రుగ్మతా లేకుండానే వెనకబడిపోయినవాళ్ల మాట? ‘ప్రథమ్’ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూస్తోంది. ఐదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మందికి రెండో తరగతి పాఠం చదవడం రావట్లేదని దాని అసర్ నివేదికలు పదేపదే చెబుతున్నాయి. సగం మందికి రానిదాన్ని ఒక్కొక్క పిల్లవాడి మొద్దుతనం అని ఎలా అనగలం?

లక్నో దగ్గరి పల్లెల్లో, చదువు రాని సుమారు 30 ఏళ్ల వాళ్లకు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లకు, ఆరు నెలలు దేవనాగరి నేర్పి, ముందూ తర్వాతా మెదడు స్కాన్లు తీశారు. ఫలితాలు 2017లో వచ్చాయి. పై పొరలోనే కాదు, చూపుతో సంబంధమున్న లోతైన భాగాల పనితీరులో కూడా మార్పు కనిపించింది. 30 ఏళ్లకు మారగలిగే మెదడు మీద ఏడేళ్లకే తీర్పు చెప్పే హక్కు మనకెక్కడిది? గడువే వద్దని నేను అనను. చదవడం ఆలస్యమైన కొద్దీ మిగతా పాఠాలన్నీ చేజారతాయి, ఆ నష్టం పూడ్చడం కష్టం. ఆ గడువు పెట్టవలసింది పిల్లవాడికి కాదు, మనకు. రెండో తరగతి ముగిసేలోగా ప్రతి ఒక్కరినీ, క్లాసు ముందు నిలబెట్టకుండా, విడిగా పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ విని, ఎవరు ఎక్కడ ఆగారో తెలుసుకుని, అక్కణ్ణుంచి మొదలుపెట్టడం పెద్దవాళ్లు చెయ్యగలిగిన పనే.