తల్లి ప్రొద్దు ఎవరి సొత్తు?

స్త్రీ యొకతె తన పేర నొక వస్త్రాలంకారశాలను, నేటి వాడుకలో బొటిక్కును, తెఱవ సంకల్పించినప్పుడు బంధువులును ఇరుగుపొరుగువారును ఆమెను తొలుత నడుగునది పెట్టుబడి సంగతి కాదు, అంగడి యద్దె సంగతి కాదు, "పిల్లల నెవరు చూచుకొందురమ్మా?" అని యడుగుదురు. అదే వీథిలో ఆమె భర్తయో సోదరుడో దుకాణము తెఱచినచో ఈ ప్రశ్న యెవరి నోటను రాదు. అడుగువారి హృదయమున కారుణ్యము లేదని నేననను. శిశువుల యెడ ప్రేమ లేని సమాజమున ఇట్టి ప్రశ్న పుట్టనే పుట్టదు. అయినను దాని యడుగున నొక సిద్ధాంతము దాగి యున్నది. తల్లియైన స్త్రీ ప్రొద్దు సంపూర్ణముగ సంతానమునకే చెందినదనియు, అందు కొంత తన శిల్పమునకో వ్యాపారమునకో వెచ్చించుట పరుల సొత్తును తీసికొనుట వంటిదనియు ఆ సిద్ధాంతము చెప్పుచున్నది. దానికి హిందువులు ధర్మమనియు, ముస్లిములు దీన్ అనియు పేరు పెట్టుట మనలో వాడుకైపోయినది గనుక, ఆ రెండును నిజముగ నేమి చెప్పుచున్నవో విచారింపక తప్పదు.

ఈ విచారమునకు హైదరాబాదు పాతబస్తీకంటె తగిన చోటు నాకు కనబడదు. 1591లో చార్మినారు వెలసిన నాటి నుండియు ఈ పట్టణము వస్త్రముతోను భూషణముతోను బ్రదికినది. లాడ్ బజారు లక్కగాజులకును, పత్తర్‌గట్టి వస్త్రములకును ముత్యములకును ప్రసిద్ధి. 1908 నాటి మూసీ వఱద పిమ్మట నగరమును చక్కదిద్దు యత్నములలో భాగముగ కట్టిన పత్తర్‌గట్టి రాతి తోరణముల క్రింద నిలిచి చూచినచో ఒక విషయము స్పష్టమగును: కొనునది స్త్రీ, ధరించునది స్త్రీ, అమ్మువాడు మాత్రము బహుకాలముగ పురుషుడు. మొగల్‌పురాలోను, షా అలీ బండాలోను, ఇంటి మేడమీది గదిలో రెండు కుట్టుమిషనులును ఒక కటింగ్ బల్లయు నిలువుటద్దమును పెట్టుకొని యొక తల్లి వ్యాపార మారంభించుటలో గల యర్థము ఇక్కడనే యున్నది. అక్కడికి వచ్చిన స్త్రీ సంకోచము లేక బురఖా తీసి కూర్చుండును. కొలత తీయు చేయి స్త్రీ చేయి. కుర్తా ఎంత వదులుగ నుండవలెనో, ప్రసవానంతరము మారిన తన దేహము దేనిని భరింపగలదో దాపఱికము లేక చెప్పుకొనవచ్చును. ఖడా దుపట్టా ధరించు పెండ్లికూతురునకు ఆ యాఱు గజముల వస్త్రమును భుజములపై నిలిపి కుచ్చెళ్లు సర్దుటకు అనుభవము గల స్త్రీ కావలెను. లాల్ దర్వాజా వైపు నుండి వచ్చిన తెలుగింటి యిల్లాలు శ్రావణమాసపు పెండ్లికి మగ్గం వర్కు జాకెట్టు కుట్టించుకొనుట కదే మెట్లెక్కును. ఆమె మగ్గం వర్కు అనుదానిని ముందు వచ్చిన స్త్రీ కార్చోబ్ అనును. బిగించిన గుడ్డయు, సూదియు, జరీతీగయు ఇరువురికిని ఒక్కటియే.

ఇక ధర్మము సంగతి. మహాభారతము అరణ్యపర్వమున ధర్మవ్యాధుని కథ కలదు. కౌశికుడను బ్రాహ్మణుడు వృక్షచ్ఛాయలో వేదము వల్లించుచుండగా మీద రెట్ట వేసిన కొంగను కోపదృష్టితో కూల్చెను. అటుపిమ్మట భిక్ష కేగిన యింట గృహిణి భర్తృపరిచర్యలో నుండి యాలసింపగా ఆమెపైనను ఆగ్రహించెను. తాను కొంగను కానని యా యిల్లాలు శాంతముగ బదులు చెప్పి, ధర్మసూక్ష్మ మెఱుగ గోరినచో మిథిలకేగి అక్కడి మాంసవిక్రేత నడుగుమని పంపెను. మన పౌరాణికులు దీనిని గృహిణి గడప దాటరాదనుటకు నిదర్శనముగ చెప్పుట కలదు. కథలో ఆ యిల్లాలు గడప దాటలేదనుట నిజమే. అంగడి పురుషునికే దక్కెననుటయు నిజమే. కాని యా కథ పోవు త్రోవను చూడుడు: జ్ఞానార్థి యరణ్యము నుండి వంటయింటికి వచ్చెను, వంటయింటి నుండి బజారునకు పంపబడెను, బజారు నుండి మరల నొక యింటికి కొనిపోబడెను, ఆ యింట వ్యాధుడు తన వృద్ధులైన తల్లిదండ్రులను చూపి వీరే నా దైవములని చెప్పెను. ఇల్లును అంగడియు పరస్పర విరోధులని వ్యాసుడు తలపలేదు. మాంసపు దుకాణమున కూర్చున్నంత మాత్రమున ఆ కుమారుని కుమారత్వమునకు కొఱత రాలేదు. రెండు చోట్లను చేయు పని పట్ల మనస్సు చెదరకుండుటయే యక్కడ విద్య. ఆ విద్యకు స్త్రీపురుషభేదము లేదు, ఉన్నచో గురువు నెఱిగి శిష్యుని పంపినది యిల్లాలే కానేరదు.

పాతబస్తీలోని ముస్లిము తల్లికి దృష్టాంతమునకై ఇంత దూరము పోవలసిన యవసరము లేదు. ప్రవక్త మహమ్మదు వారి ప్రథమపత్ని ఖదీజా మక్కా నగరమున పేరెన్నిక గన్న వర్తకురాలు. వివాహమునకు పూర్వము వారిని తన సరకుతో సిరియాకు పంపినది యామెయే. ఆమె అనేకసంతానవతి, పసితనముననే పుత్రులను గోలుపోయిన మాతృదుఃఖమును ఎఱిగినది. మఱియొక పత్ని జైనబ్ బింత్ జహష్ తోళ్లు పదనుచేసి కుట్టి, వచ్చిన దానిని దానము చేసెడిది. తన భార్యలలో అందఱికంటె పొడవైన చేయి గలవారు తన వెనుక మొదట వచ్చి కలిసికొందురని ప్రవక్త చెప్పిన మాటకు అర్థము ఆమె మరణానంతరమే తక్కినవారికి బోధపడినదని హదీసులు తెలుపుచున్నవి. పొడవనగా పని చేసి యిచ్చు చేయి యని భావము. ఖదీజా కుమార్తె ఫాతిమా తిరుగలి విసరి విసరి చేతులు కాయలు కాయగా తండ్రిని సేవకు నొకరి నడిగినదనియు, ఆయన ఆమెకు నిద్రకు ముందు జపింపవలసిన తస్బీహ్‌ను బోధించెననియు మఱియొక హదీసు. ఆ ఫాతిమా పేరిట వెలసిన బీబీ కా అలమ్ అను పవిత్రధ్వజము దబీర్‌పురాలో నున్నది. ముహర్రము పదవనాడు ఏనుగుపై ఊరేగునప్పుడు వేలకొలది జనులు కన్నీరు కార్చుదురు. తిరుగలిచే కాయలు కాసిన చేతులకు ఇంత గౌరవ మిచ్చు పురము, సూదిచే కాయలు కాసిన తల్లిచేతులను అనుమానముతో చూచుట నాకు బాధాకరము.

మాతృత్వమును గూర్చి ఖురాను చెప్పిన మాట యొకటి మిక్కిలి గంభీరమైనది. తగినంతగ ప్రచారమునకు రానిదియు నదియే. విడాకులు పొందిన తల్లి శిశువునకు పాలిచ్చినచో ఆమెకు ప్రతిఫల మిమ్మని తలాక్ సూరాలో తండ్రి నాదేశించుచున్నది. పాలిచ్చు కాలమున తల్లి యన్నవస్త్రముల భారము తండ్రిపై పెట్టుచున్నది బఖరా సూరా. అనగా తల్లిపాలును ఒక శ్రమయే యనియు, దానికి విలువ కట్టుట ప్రేమకు కళంకము కాదనియు తాత్పర్యము. తల్లి గడియలు ఎవరికో పుట్టుకతో బానిసలైనచో ఈ ప్రతిఫలమున కర్థమే లేదు. అవి యామెవే కనుకనే వాని నుండి యిచ్చిన దానికి ఋణపడుట సంభవించినది.

గడియలు ఆమెవైనచో ఆర్జన యెవరిది? ఇక్కడ మన స్మృతికారులతో నాకు కలహము తప్పదు. వివాహకాలమున వచ్చినదియు, తల్లిదండ్రులు సోదరు లిచ్చినదియు స్త్రీధనమని యంగీకరించిన కాత్యాయనుడే, శిల్పముచే ఆమె సంపాదించిన దానిపై భర్తకు స్వామ్యము గలదనెను. దానముగ వచ్చినది ఆమెది, స్వహస్తములతో గడించినది ఆమెది కాదనుట యే న్యాయమో నాకు బోధపడదు. నిసా సూరా స్త్రీ లార్జించినది స్త్రీలదేయని పలికియుండగా, హిందూ స్త్రీకి ఆ మాట శాసనరూపమున దొరకుటకు 1956 నాటి హిందూ వారసత్వ చట్టము 14వ సెక్షను కావలసి వచ్చినది. స్వీయనైపుణ్యము వలనను శ్రమ వలనను స్త్రీ గడించిన యాస్తి యామెకు సంపూర్ణముగ చెందునని యది స్పష్టముగ చెప్పినది. అయినను, గ్రంథమున దొరకిన హక్కు గల్లాపెట్టె దగ్గఱ దొరకుట వేఱు మాట. రెండు మతములలోను ఆ పెట్టె తాళపుచెవి యెవరి చేత నున్నదో యడిగినగాని తెలియదు.

ఇంతవఱకు చెప్పినది సులభము. కష్టమైనది వేఱొకటి. తల్లి దుకాణము నడపుట వలన శిశువునకు కొఱత యేమియు కలుగదని చెప్పుట అసత్యము. ఆ యసత్యముతో ఏ తల్లికిని నేను ధైర్యము చెప్పదలచుకొనలేదు. పెండ్లివారికి లెహంగా ఇయ్యవలసిన దినముననే బిడ్డకు జ్వరము వచ్చును. రంజాను చివరి వారములలో చార్మినారు పరిసరములు సహరీ వేళ వఱకు మేలుకొని యుండును. అంగళ్లు మూయబడవు, కొనువారు తఱుగరు, అమ్మకై కాచుకొని కూర్చున్న పిల్లవాడు నిదురించును. అతడు కోల్పోయిన యా రాత్రి తిరిగి రాదు. తల్లి హృదయమున కలుగు వేదన సత్యమైనది. కాని వేదన సత్యమైనంత మాత్రమున పాపము సత్యము కాదు. మన వారు ఈ రెంటిని కలిపివేయుట వలననే తల్లులు జీవితాంతము అపరాధినులవలె తలవంచుకొనుచున్నారు. రెండు న్యాయమైన కర్తవ్యములు ఒక్క గడియనే కోరినప్పుడు దేనిని చేసినను రెండవది మిగులును. మిగిలిన దానికై దుఃఖించుట మానవధర్మము, ప్రాయశ్చిత్తము చేసికొనుట అనవసరము. కర్తవ్యములు సంఘర్షింపవని నమ్మువానికి భారతమంతయు వ్యర్థమే. అదియుగాక ఆ వేదనను తండ్రియు పంచుకొన్ననాడు దాని బరువు సగమై తీరవలెను. ఒక్కరిపైననే పడుట సృష్టినియమము కాదు, ఇంటి యేర్పాటు.

ఏర్పాటు మార్చవచ్చుననుటకు ఈ నగరముననే యొక నిదర్శనము కలదు, పాతబస్తీ గోడలకు ఆవలనైనను. సురయ్యా హసన్ బోస్ 1928లో జన్మించి 2021లో పరమపదించిన విదుషి. నేతాజీతో 1943లో జలాంతర్గామిలో ప్రయాణించిన ఆబిద్ హసన్ సఫ్రానీ సోదరుని కుమార్తె. నశించుచున్న హిమ్రూ, మష్రూ నేతలను గోల్కొండ కావల, హుసేన్ షా వలీ దర్గా ప్రాంతమున, మగ్గములు నెలకొల్పి ఆమె నిలువబెట్టినది. మష్రూ చరిత్రయే మతమునకును సౌందర్యమునకును జరిగిన యొక సంధి: శుద్ధమైన పట్టు దేహమునకు తగులరాదను నియమమును పాటించు పురుషులకై, పైన పట్టును లోపల నూలును ఉండునట్లు నేతగాండ్రు నేసిరి. నియమము వచ్చెనని వారు మగ్గము నాపలేదు, మగ్గమున్నదని నియమమును విడువలేదు. సురయ్యా ఆ మగ్గములపై కూర్చుండబెట్టిన వారిలో భర్తలను గోలుపోయిన స్త్రీలున్నారు. ఆ నేతశాల సమీపముననే సఫ్రానీ స్మారక పాఠశాలను నెలకొల్పి, నేయువారి పిల్లలకు చదువు చెప్పించినది. తల్లి మగ్గముపై నుండగా బిడ్డ కూతవేటు దూరమున బడిలో నుండెను. పిల్లల నెవరు చూచుకొందురను ప్రశ్నకు ఆమె ఉపన్యాసముతో బదులు చెప్పలేదు. ఒక కట్టడము కట్టి చెప్పినది. నేను చదివిన వేదాంతగ్రంథములలో ఇంత సూటియైన సమాధానము తక్కువ.

ఈ నిదర్శనమును ఎదుట పెట్టుకొన్నప్పుడు బొటిక్ యజమానురాలిపై నొక భారము పడుచున్నది. దానిని చెప్పకుండుట ఆమెను అవమానించుటయే యగును. మేడమీది గదిలో వ్రేలాడు ఖడా దుపట్టా అక్కడ తయారైనది కాదు. దాని జర్దోజీ పని తలాబ్ కట్టలోనో సుల్తాన్ షాహీలోనో ఒకగది యింటిలో జరిగినది. కొయ్యచట్రముపై గుడ్డ బిగించి దాని కిరుప్రక్కల తల్లియు, వయస్సు వచ్చిన కూతురును కూర్చుండిరి. చట్రము ప్రక్కన ఉయ్యెల. ఆ తల్లికి ఇల్లే కార్ఖానా; ఏ గడియ బిడ్డది, ఏ గడియ పనిది అని విడదీయుటకు ఆమె కొక తలుపైనను లేదు. కూలి ముక్క లెక్కన, మధ్యవర్తి చేతి మీదుగ. 1961 నాటి ప్రసూతి చట్టమును 2017లో సవరించి 26 వారముల సెలవు కల్పించిరి; అది ఉద్యోగినులకు. ఇంటి వద్ద పని చేయువారిని గూర్చి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ యొడంబడికను మన దేశము ఆమోదింపలేదు. ప్రసవించిన కార్చోబ్ స్త్రీకి సెలవనగా కూలి లేకుండుట. ఆమెను పిల్లల సంగతి యడుగువారు లేరు, అడుగుట గౌరవమును పొందిన స్త్రీల విషయముననే జరుగును గాబోలు.

కావున మేడమీది తల్లి తన గడియలు తనవని నిలువబడినప్పుడు, చట్రముకడనున్న తల్లి గడియలును ఆమెవేయని యొప్పుకొనక గత్యంతరము లేదు. ఒక తల్లి స్వాతంత్ర్యము వేఱొక తల్లి నిద్రను తిని పెరుగుట వ్యాధుడు మిథిలలో చెప్పిన ధర్మమునకును విరుద్ధము, జైనబ్ చేతి పొడవునకును విరుద్ధము. ఇది భావనలో నిలుచు మాట కాదు, బిల్లుపుస్తకములో తేలవలసిన మాట. ఈదుకు ముందు నాలుగు దినములలో దుపట్టా కావలెనని ధనికురాలైన కొనుగోలుదారు పట్టుబట్టినప్పుడు, ఆ నాలుగు రాత్రులు మేల్కొనునది యెవరో ఎఱిగి, రంజానుకు చాల ముందుగ, రజబ్ నెలలోనే ఆర్డర్లు మూసివేసి, ఆలస్యముగ వచ్చిన దానిని లేదని పంపివేయవలెను; పనిముక్క అందిన దినముననే, కొనినవారు చెల్లించువఱకు ఆగక, కూలి యియ్యవలెను; మధ్యవర్తిని తొలగింపలేని చోట కూలి యెంతయో పనిచేసిన స్త్రీకి ముందుగ తెలియజేయవలెను. ఇట్లు చేసినచో లాభము తఱుగును. మొదటి సంవత్సరమున గది యద్దెకును మిషనుల అప్పునకును సరిపోవుటయే కష్టమైన తల్లికి ఈ మాట చెప్పుట నాకును సులభముగ లేదు. అయినను, ఆమెను ఇరుగుపొరుగు అడుగు ప్రశ్నను ఆమెయే యొకనాడు తలాబ్ కట్టకు పోయి, నిందగ గాక నిజముగ తెలిసికొనగోరి యడుగవలెనని నా ప్రార్థన: నీవు ఈ గుడ్డపై వంగియుండగా, చెల్లీ, నీ పిల్లల నెవరు చూచుచున్నారు, వారికై నేనేమి యేర్పాటు చేయగలను?