ఇసుక బాకీ

కోతకు గురవుతున్న సముద్రతీరానికి ఇసుక తెచ్చి పోయడం ప్రజాధనానికి సద్వినియోగమేనా? పోసినదంతా ఒక్క తుపానుకు కొట్టుకుపోతే అది ఏట్లో పిసికిన చింతపండే కదా అన్న ఆక్షేపణ సహజమైనదే. అయితే అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: అక్కడ ఉండవలసిన ఇసుక ఎటు పోయింది?

మన తూర్పు తీరంలో ఇసుక నిత్య బాటసారి. నైరుతి ఋతుపవన కాలపు అలలు దానిని ఒడ్డు వెంబడే ఉత్తరానికి నడిపిస్తాయి. ఈశాన్య ఋతుపవనాల వేళ కొంత వెనుకకు మళ్లినా, ఏడాది మొత్తం మీద లక్షల ఘనమీటర్ల ఇసుక ఉత్తరానికే సాగిపోతుంది. దాని దారికి అడ్డంగా రాతిగోడ లేస్తే దక్షిణాన మేట, ఉత్తరాన కోత తప్పవు. 1870లలో నిర్మాణం ఆరంభమైన మద్రాసు నౌకాశ్రయం ఇందుకు తొలి పాఠం. దక్షిణాన మెరీనా విశాలమయింది. ఉత్తరాన రాయపురం మత్స్యకారుల వాడలను సముద్రం కోసివేసింది. మెరీనాలో షికారు చేసిన తరాలలో, తమ పాదాల కింద ఉన్నది రాయపురానికి చేరవలసిన ఇసుక అని తలచిన వారెందరు?

విశాఖలో ఈ సంగతి మొదటినుంచీ తెలిసినదే. 1933లో ఆరంభమైన రేవు ముఖద్వారాన్ని కాపాడేందుకు డాల్ఫిన్స్ నోస్ సమీపాన రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపారు. 1970లలో బాహ్య నౌకాశ్రయం నిర్మించిన తరువాత, దక్షిణాన చిక్కిన ఇసుకను డ్రెడ్జర్లతో తవ్వి రామకృష్ణా బీచ్ వైపు పోయడం ఆనవాయితీ అయింది. దీనిని తీరానికి చేసే దానమని గాని, పర్యాటకుల కోసం పెట్టే ఖర్చని గాని అనడం సరికాదు. రేవు పట్టి ఉంచిన సొత్తును రేవే తిరిగి అప్పగిస్తున్నది. ఏటా చేయవలసి రావడం దీనికి దోషమూ కాదు. చెరువు మళ్లీ పూడుతుంది గనుక పూడిక తీయడం వృథా అని మన పూర్వులు అనుకోలేదు. మద్రాసు రాజధానిలో 1858లో ఆ శ్రమకు చట్టమే చేశారు. (ఆ చట్టంలోని నిర్బంధాన్ని నేను సమర్థించడం లేదు.)

చిక్కంతా ఉప్పాడ వంటి చోట్ల. అక్కడ బాకీదారు ఒక్కడు కాడు. గోదావరి ఒండ్రు ఎగువ జలాశయాలలో నిలిచిపోవడం, కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె పెరిగి అలల తీరు మారడం, ఇలా పలు కారణాలు చెబుతారు. 2000 దశకం చివర జియోట్యూబులతో గోడ కడితే అలలు దానినీ చీల్చాయి. కాలువ నీటితో పండిన అన్నం తిన్న మనమందరం అక్కడ ఎంతో కొంత బాకీపడి ఉన్నాము.

లాభనష్టాల పట్టికలో ఆస్తి విలువనే కొలతగా తీసుకుంటే బీచ్ రోడ్డు మేడలు ప్రతిసారీ గెలుస్తాయి, తాటాకు ఇళ్లు ప్రతిసారీ ఓడుతాయి. ఆ కొలతను నేను అంగీకరించలేను. అలాగని ఉప్పాడకు ఎక్కడినుంచో ఇసుక తవ్వి తేవాలనీ అనను. అది ఇంకొక ఒడ్డును దోచడమే కావచ్చు. ఇసుక నిలవని చోట ఆ సొమ్ముతో, పడవలకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో, పట్టాతో కూడిన ఇళ్లు కట్టించడం మేలు. ఇక విశాఖ విషయంలో, ఇసుక తరలింపు ఖర్చును పర్యాటక పద్దు నుంచి గాక, రేవు నిర్వహణ పద్దులోనే, ఓడల రుసుముల నుంచి ఏటా రాబట్టడం న్యాయం.