పిల్లలకు తగిన భయం

జానపద సాహస చిత్రం పిల్లలకు తగినదా కాదా అని అడిగితే, అందులో ఎంత రక్తం చిందింది, ఎన్ని తలలు తెగాయి, రాక్షసుడు ఎంత వికారంగా ఉన్నాడు అని చూసి జవాబు చెప్పడం సాధారణంగా జరుగుతున్న పని. ఇక్కడ జానపద చిత్రమంటే, చరిత్రకు గాని పురాణానికి గాని కట్టుబడకుండా, రాకుమారి, మాంత్రికుడు, శాపం, సాహసం వంటి నోటికథల సరుకుతో అల్లిన సినిమా. నేడు ఫాంటసీ అడ్వెంచర్ పేరుతో తెలుగులో వస్తున్నవి చాలావరకు దీని సంతతే. ఈ చిత్రాల్లో భయం ఉండి తీరుతుంది, ఉండాలి కూడా, ఎందుకంటే భయపడే అవకాశమే లేని కథలో ధైర్యానికి చోటుండదు. కాబట్టి భయం ఎంత ఉందన్నదాని కంటే, అది మొదలైన చోటి నుంచి తీరే చోటి దాకా పిల్లవాడికి తోడు ఎవరున్నారన్నది పెద్ద ప్రశ్న.

ఈ కథలు తెరకెక్కక ముందు వాటిని చెప్పే మనిషి ఒకడు ఎదురుగా ఉండేవాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో సంబరాలప్పుడు, అంటే గ్రామదేవతకు ఊరంతా కలిసి చేసే పండుగలప్పుడు, బుర్రకథో జముకుల కథో పెట్టిస్తే పిల్లలే ముందు చేరేవారు. బుర్రకథలో తంబురా పట్టిన కథకుడికి రెండు పక్కలా వంతలుంటారు. వారిలో ఒకరు హాస్యం ఆడితే, రెండోవారు కథను లోకం పోకడతో ముడిపెడతారు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం ఈ నేల సొంత కథ. కోట కూలే వేళ లోపల స్త్రీలూ పిల్లలూ పోవడం, ఆ తర్వాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయనగరం రాజు విజయరామరాజును చంపడం, ఇవన్నీ పసివాళ్ళు పెద్దల పక్కన కూర్చుని విన్నవే. అంతటి ఘోరాన్ని వాళ్ళ ముందు చెప్పగలిగింది కథకుడు వాళ్ళ ముఖాలు చూస్తూ చెప్పడం వల్లనే: ఒక పిల్ల బిక్కమొహం వేస్తే వంత ఓ చమత్కారం విసిరేవాడు, కథకుడు గొంతు తగ్గించేవాడు. బుర్రకథగా ఊరూరా తిరిగిన బాలనాగమ్మ కథను 1942లో జెమినీ సంస్థ సినిమాగా తీసినప్పుడు, మాంత్రికుడు మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు తెర మీద భయపెట్టారు గాని, ఆ తెరకు ఎదుటివారి ముఖాలు చూసే కళ్ళు లేవు. పిల్ల ఏడ్చినా రీలు ఆగదు.

చట్టం ఈ లోటును గుర్తించింది గాని, పూడ్చే పనిని తల్లిదండ్రులకే అప్పగించింది. సెన్సార్ బోర్డుగా అందరూ పిలిచే కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి 1952 నాటి చట్టం కింద ఇచ్చే సర్టిఫికెట్లలో, అందరూ చూడదగినది యు, పద్దెనిమిదేళ్ళు నిండినవారికే పరిమితమైనది ఎ. నడుమనున్న యు/ఎ, పెద్దల మార్గదర్శనంలో చూడవలసినది. 2023 సవరణ ఈ నడిమి తరగతిని 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టింది. విభజన మంచిదే. అయితే ఈ అంకెలు హాలు తలుపు దగ్గర ఎవరినీ ఆపేవి కావు. నిర్ణయం చివరికి టికెట్టు కొనే తండ్రిదో తల్లిదో అవుతుంది, వారికి ఆ నిర్ణయం ఎలా చేయాలో చెప్పినవారు లేరు.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోయాన్ కాంటర్ చేసిన పరిశోధన ఇక్కడ అక్కరకొస్తుంది. ఆమె గమనించినదాని ప్రకారం, బడికి వెళ్ళే ఈడు రాని పిల్లలు ప్రధానంగా కంటికి కనిపించే రూపానికి జడుస్తారు. అమెరికన్ టీవీ కథానాయకుడు హల్క్ మంచివాడే అయినా, మామూలు మనిషి ఆకుపచ్చ భూతంగా మారే ఘట్టం చూసి వాళ్ళు బెదిరిపోయారు. ఈడు పెరిగేకొద్దీ రూపం మీది భయం తగ్గి, నిజంగా జరగగలదన్నదాని మీద భయం పెరుగుతుంది. అంటే బాలనాగమ్మను మాంత్రికుడు కుక్కగా మార్చితే నాలుగేళ్ళవాడు ఆ మార్పుకు ఉలిక్కిపడతాడు, పదేళ్ళవాడికి మాత్రం ఉయ్యాలలో బిడ్డకు తల్లి లేకుండా పోయిందన్నది గుండెలో గుచ్చుకుంటుంది. చిన్నవాడికి ఇదంతా ఉత్తుత్తిదే అని చెప్పడం వల్ల ప్రయోజనం తక్కువ, ఒడిలోకి తీసుకోవడం వల్ల ఎక్కువ. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు, పొడవైన చింతమాను కొసన కూర్చున్న పూజారి జనం తలల మీదుగా గాలిలో ఊగుతూ సాగుతుంటే, తండ్రి భుజాలెక్కిన పిల్లవాడు ఆయన జుట్టు గట్టిగా పట్టుకుంటాడు గాని కిందికి దిగిపోతాననడు.

చిత్రమే లోపలి నుంచి ఆ తోడు ఇవ్వగలదని చూపినది 1951లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా వారు తీసిన పాతాళభైరవి. దాని నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో చందమామ పత్రికను మొదలుపెట్టినవారే కాబట్టి, పిల్లల మనసు వారికి కొత్త కాదు. ఎస్.వి. రంగారావు పోషించిన నేపాళ మాంత్రికుడు నిజంగా భయంకరుడు; సాహసవంతుడైన యువకుణ్ణి దేవికి బలి ఇస్తే కోరినవన్నీ ఇచ్చే బొమ్మ దక్కుతుందని తోట రాముణ్ణి వెంటబెట్టుకు వెళతాడు. చూస్తున్న పిల్లవాడికి ఆ కుట్ర ముందే తెలుసు, రాముడికి తెలియదు. స్నానానికి దిగిన రాముడు తన మీదికొచ్చిన మొసలిని చంపితే అది శాపం తీరిన కన్యగా మారి అతణ్ణి హెచ్చరిస్తుంది, అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి అక్కడ వదలవచ్చు. బలి ఇవ్వబోయినవాడే బలైపోతాడు. అయినా కథ ఆ చావుతో తేలిపోదు: శిష్యుడు సదాజపుడు మూలికతో గురువును బతికిస్తాడు, చెమట పట్టకుండా వచ్చిన మేడా సంపదా రాకుమారితో సహా రాముడి చేతి నుంచి జారిపోతాయి, వాటిని అతను మళ్ళీ సంపాదించుకోవలసి వస్తుంది. ఆశకు కూడా వెల ఉంటుందని ఇంత సూటిగా, ఉపన్యాసం లేకుండా చెప్పిన పిల్లల చిత్రాలు తెలుగులో ఎక్కువ లేవు.

శబ్దం గురించి తల్లిదండ్రులు అంతగా ఆలోచించరు, ఆలోచించడం అవసరం. పాతాళభైరవికి సంగీతం కూర్చిన ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవారు. అందులో భయాన్ని పుట్టించేదీ తీర్చేదీ కూడా రాగమే. నేటి హాళ్ళలో నలుమూలల నుంచీ వచ్చే మోత ఒంటినే తాకుతుంది. పిల్లవాడు కళ్ళు మూసుకోగలడు, చెవులు మూసుకున్నా ఆ మోత ఆగదు.

2017లో బాహుబలి రెండో భాగానికి మన బోర్డు యు/ఎ ఇస్తే, సింగపూర్ పదహారేళ్ళ లోపువారిని రానివ్వని తరగతిలో పెట్టింది. ఈ తేడాను సంస్కృతుల తేడాగా కొట్టిపారేయడం సరికాదు. నిండు సభలో బాహుబలి సేనాధిపతి సేతుపతి తల నరికే ఘట్టాన్ని తీసుకుంటే, ఆడవారిని అవమానించిన అతని నేరం నిజమైనదే, కోపం న్యాయమైనదే. కాని ఆ వేటును చిత్రం ఆస్వాదించేలా చూపింది, తెగిన తలకు ఒక్క క్షణం మౌనం కూడా ఇవ్వలేదు. హాలంతా ఈలలు వేస్తుంటే ఆరేళ్ళవాడికి ఆ ఈలే వంతపాట అవుతుంది, చంపడం ఎంత సంబరమో అదే నేర్పుతుంది. తమ పక్కనున్నది తండ్రి ఒక్కడే కాదని, ఆ జనం మొత్తమని పిల్లలు గ్రహిస్తారు.

అందుచేత ఏడేళ్ళు దాటిన పిల్లలకు, పక్కన పెద్దవారుంటే, పాతాళభైరవి తగినది. బాహుబలి రెండో భాగం పదమూడేళ్ళ లోపువారికి తగదు, ఆ తర్వాతైనా సభా ఘట్టం గురించి వారితో మాట్లాడకుండా వదలరాదు. అయిదేళ్ళ లోపువారిని ఇటువంటి ఏ చిత్రానికైనా హాలుకు తీసుకువెళ్ళకపోవడం మంచిది. తక్కినవాటికి సర్టిఫికెట్టును నమ్ముకోకుండా, తల్లిదండ్రులలో ఒకరు ముందుగా వెళ్ళి చూసి రావాలి.