ఆకలిని కొలిచేదెవరు?

ఆకలితో ఉన్న మనిషికి అన్నం పెట్టడం మంచిపని. ఇందులో చర్చించడానికేముంది అని ఎవరైనా అడగవచ్చు. పెట్టాలా వద్దా అన్నదాని మీద నాకూ ఏ సందేహమూ లేదు. పెట్టే పద్ధతిలో ఎవరి గౌరవం నిలబడుతుంది, ఎవరిది నలిగిపోతుంది అన్నదే నా ప్రశ్న. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతంలో పెరిగినదాన్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు సిద్ధాంతాల కంటే ముందు ఒక పెద్దమనిషి కథలోంచి వచ్చింది.

ఉయ్యాలవాడ అనగానే అందరికీ కుంఫిణీ ప్రభుత్వం మీద తిరగబడిన నరసింహారెడ్డి గుర్తుకొస్తాడు. మా వైపు పల్లెల్లో ఆ ఊరితో కలిపి చెప్పుకునే పేరు ఇంకొకటుంది, బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో ఆయన తన ధాన్యమంతా బయటికి తీసి గంజి కాయించి, చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చిన వేలమంది ప్రాణాలు నిలబెట్టాడని చెబుతారు. విక్టోరియా రాణి ప్రభుత్వం ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. జనం ఆయన మీద పాట కట్టుకున్నారు. పతకం చూసినవాళ్ళు మాలో ఎవరూ లేరు గానీ పాట మాత్రం ఇప్పటికీ బతికే ఉంది.

ఆయన మీద గౌరవం ఉంచుకునే ఒక మాట అడుగుతాను. ఆ గంజి వెనక చాకిరీ ఎవరిది? అంతమందికి రోజూ గంజి పోయాలంటే గింజలు దంచాలి, విసరాలి, కట్టెలు మోయాలి, కరువులో నీళ్ళు వెతికి తేవాలి. దంచడం, విసరడం, నీళ్ళు మోయడం ఆ కాలంలో ఎవరి పనులో వేరే చెప్పనక్కర్లేదు. వాళ్ళ పేర్లు పతకం మీదా లేవు, పాటలోనూ లేవు. దాతకు పేరుంటుంది, చాకిరీకి ఉండదు.

గోదావరి సీమలో అన్నదాతగా పేరు నిలిచిన స్త్రీ ఉంది కదా అంటారు. నిజమే. 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మగారి పేరును 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజన పథకానికి పెట్టింది. సంతోషం. కానీ అదే పథకంలో రోజూ పొయ్యి దగ్గర నిలబడే ఆడవాళ్ళకు ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2019లో నెలకు 3000 రూపాయలకు పెంచినప్పుడు దాన్నే పెద్ద మేలుగా చెప్పుకున్నారు. అన్నపూర్ణ అని పొగిడితే కూలి అడగరని మన సమాజానికి బాగా తెలుసు.

ఇక ప్రభుత్వం ఆకలిని ఎట్లా కొలిచిందో చూద్దాం. 1876-78 ధాత కరువులో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. దేశంలో ధాన్యం లేకనా? అవే సంవత్సరాల్లో భారతదేశం నుంచి ఓడలకొద్దీ ధాన్యం ఎగుమతయింది. తిండి ఉండటం వేరు, దాని మీద మనిషికి హక్కు ఉండటం వేరు అని అమర్త్యసేన్ 1981లో సిద్ధాంతీకరించిన విషయాన్ని మా ప్రాంతం వందేళ్ళ ముందే ప్రాణాలిచ్చి నేర్చుకుంది. ఖర్చు తగ్గించమని వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో కరువు పనుల కూలి తగ్గించాడు. మగవాడికి రోజుకు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా. ఆడవాళ్ళకూ పనిచేసే పిల్లలకూ ఇంకొంచెం తక్కువ. ఇది మనిషి బతకడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కూలి సరిపోతుందా లేదా అన్నది ఇద్దరు దొరల మధ్య వాదమయింది. రాళ్ళు కొట్టి, మట్టి మోసి, చంటిబిడ్డకు పాలిస్తున్న తల్లికి ఎంత కావాలో ఆ తల్లినెవరూ అడగలేదు. కొలిచే అధికారం లేకపోవడం అంటే ఇదే.

దానంలోనూ కొలత దాత చేతిలోనే ఉంటుంది. ఎవరికి, ఎప్పుడు, ఎంత, ఎక్కడ కూర్చోబెట్టి అన్నవన్నీ ఆయన ఇష్టం. మహానంది, అహోబిలం వెళ్ళినవాళ్ళకు కులాల వారీ సత్రాలు తెలుసు. అన్నం పరబ్రహ్మ స్వరూపమే, పంక్తి మాత్రం కులాన్ని బట్టి. 2020 లాక్‌డౌన్‌లో కర్నూలు జిల్లాలో కేసులు ఎక్కువై వీధులన్నీ మూసేసినప్పుడు బియ్యం సంచులు, కూరగాయలు పంచినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎన్నో ఇళ్ళు వాటితోనే గడిచాయి. నేను చూసిన ఒక పంపకంలో సంచి చేతికిచ్చేముందు ఫోటో తీస్తున్నారు. ఒకావిడ కొంగు మొహం మీదికి లాక్కుంది. "కొంగు తియ్యమ్మా, మొహం కనపడాల" అన్నాడొక కుర్రవాడు. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. ఆమె కొంగు తీసింది, సంచి తీసుకుంది. ఆ పూట ఆమె ఇంట్లో పొయ్యి వెలిగింది కూడా. ఈ రెండూ నిజాలే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టెయ్యకూడదు.

"కడుపు మాడేవాళ్ళకు ఆత్మగౌరవం గురించి పాఠాలా" అని నన్ను కోప్పడే మిత్రులున్నారు. వాళ్ళ కోపంలో న్యాయముంది. కానీ ఆకలిగొన్నవాళ్ళకు గౌరవం పట్టదని తేల్చేది ఎప్పుడూ కడుపు నిండినవాళ్ళే. పేద ఆడవాళ్ళను దగ్గరగా చూసినవాళ్ళకు తెలుసు, పస్తున్న రోజు కూడా పొయ్యిలో నాలుగు పుల్లలు పెట్టి పొగ రానిచ్చే ఇళ్ళున్నాయి. ఆ పొగ పక్కింటివాళ్ళ కోసం.

మరి సిగ్గులేకుండా తిండి అందుకునే దారి ఎక్కడైనా ఉందా? ఉంది. మన వంటిళ్ళలోనే ఉంది. దాని పేరు చేబదులు. ఒక గ్లాసు బియ్యం, ఒక శేరు జొన్నలు, గిన్నెడు పిండి. ఇచ్చినామె దాత కాదు, తీసుకున్నామె బిచ్చగత్తె కాదు. రేపు వీళ్ళింట్లో నిండుకుంటే వాళ్ళు ఇస్తారు. ఊళ్ళో ఆసామి దగ్గర నాగుకు తెచ్చుకున్న గింజలకు ఒకటికి ఒకటిన్నర కొలవాలి. చేబదులుకు తీసుకున్నంతే తిరిగి కొలిస్తే చాలు. కాగితం లేదు, సాక్షి లేదు, ఫోటో లేదు. ఆడవాళ్ళు తమలో తాము నడుపుకున్న ఈ తిండి బ్యాంకు గురించి ఆర్థికశాస్త్రంలో అధ్యాయం రాయాల్సి ఉంది.

అయితే దీన్ని మరీ అందంగా చూపించనూ కూడదు. చేబదులు గోడ దాటుతుంది గానీ కులం గీత దాటదు. పైగా కరువొస్తే వాడ మొత్తం ఒకేసారి ఖాళీ అవుతుంది. అందరి గిన్నెలూ బోర్లించి ఉన్నప్పుడు ఎవరు ఎవరికి బదులివ్వాలి? అందుకే అందరికీ కలిపి ఒక నిలవ కావాలి. దాని కొలపాత్ర ఒక్కరి చేతిలో ఉండకూడదు.

అట్లాంటి ప్రయత్నాలు మన దగ్గరే జరిగాయి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల మధ్యలో బీడు పడిన చెలకలను సాగులోకి తెచ్చుకున్నాయి. పెట్టుబడికి తీసుకున్న అప్పును గింజల రూపంలో తీర్చి ఊళ్ళోనే నిలవ చేసుకున్నాయి. ఎవరింట్లో కరువు ఎక్కువో సంఘం ఆడవాళ్ళే కూర్చుని తేల్చేవాళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది దళిత స్త్రీలు. ఒకప్పుడు గింజల కోసం దొడ్డివాకిలి దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు జొన్నలు తక్కువ ధరకు కొలిచి ఇచ్చే స్థానంలోకొచ్చారు. 2000ల మొదట్లో వెలుగు పథకం కింద పొదుపు సంఘాలు బియ్యం అప్పు కార్యక్రమం నడిపాయి. ఏ ఇంటికి నెలకు ఎన్ని కిలోలు తక్కువ పడుతున్నాయో సంఘంలోనే లెక్క రాసుకుని, గ్రామ సమాఖ్య టోకున కొని, వాయిదాల మీద ఇచ్చేది. టెంపుల్ దొర అడగని ప్రశ్నను సంఘంలో పక్కన కూర్చున్నామె అడిగింది: "నీకు ఎంత కావాల?"

ఇక్కడా నాకొక పేచీ ఉంది. ఇంటి ఆకలి తీర్చే బాధ్యత మళ్ళీ ఆడవాళ్ళ వాయిదాల పుస్తకంలోనే పడింది. మగవాడి తాగుడుకు పోయిన కూలి డబ్బులకు బదులు బియ్యం అప్పు ఆమె పేరున రాశారు. 2013 ఆహార భద్రతా చట్టం కొంత నయం. అది తిండిని హక్కు అన్నది. మనిషికి నెలకు 5 కిలోలు, రేషన్ కార్డులో ఇంటి పెద్దగా 18 ఏళ్ళు దాటిన పెద్ద స్త్రీ. 2023 జనవరి నుంచి ఆ బియ్యం ఉచితం. కానీ కార్డులో ఇంటి పెద్ద అయినామె వంటింట్లో ఇప్పటికీ ఆఖరున తింటుంది. కలుపు తీసి, మిరపకాయలు కోసి అరిగిపోయిన ఆమె వేలిముద్రను యంత్రం ఒక్కోసారి గుర్తుపట్టదు. హక్కు ఉన్నా తాను తానేనని రుజువు చేసుకోవలసి వస్తోంది.

కె.సి. కాలువ కింద పండే సన్నబియ్యానికి నంద్యాల పేరు దూరదూరాల దాకా తెలుసు. ఆ వరి నాటిన చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవే. పండించిన ప్రాంతంలోనే పస్తులుంటే, ఎవరో వచ్చి గంజి పోయాలని ఎదురుచూడటం మనకు సరిపోతుందా? పట్టణంలో ఎవరైనా తిండి బ్యాంకు పెడతామంటే నేను కాదనను. చందా ఇస్తాను, చేతనైతే సంచులు కూడా మోస్తాను. కాకపోతే పెట్టేవాళ్ళను ఒక మాట అడుగుతాను. ఈ రోజు ఇక్కడికి సంచి తీసుకోవడానికి వచ్చిన ఆవిడ, వచ్చే ఏడాది మీ కమిటీలో కూర్చుని ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పగలదా? వండే ఆడవాళ్ళకు కూలి లెక్కలో చేరిందా? ఈ రెంటికీ అవునని చెప్పగలిగితే అది నిజంగా బ్యాంకే. చెప్పలేకపోతే దానమే. దానం కూడా ప్రాణం నిలుపుతుంది, వెంగళరెడ్డి గంజి నిలిపినట్టే. కానీ 1866 నుంచి ఇప్పటిదాకా అదే వరసలో నిలబడ్డ ఆడవాళ్ళకు మనం బాకీ పడింది గంజి ఒక్కటే కాదు.